కొత్త తార కోసం కాపు కాసేవారు ఏది ఎంచుకోవాలి: బైనాక్యులర్సా, కెమెరానా, టెలిస్కోపా?

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆకాశం మీద మక్కువ ఉన్న విద్యార్థులు, ఉపాధ్యాయులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ టెలిస్కోప్ కొనమంటారు? చంద్రుడి మీది గుంటలు, శని వలయాలు చూడటానికే అయితే సమాధానం తేలిక. అయితే వారిలో కొందరి కోరిక అంతటితో ఆగదు. నిన్నటి దాకా ఏమీ కనిపించని చోట ఈ రాత్రి ఒక చుక్క వెలిగితే దానిని అందరికంటే ముందు గుర్తించాలని, గుర్తించినది నిజమేనని రుజువు చేసి శాస్త్రజ్ఞులకు తెలియజేయాలని వారి ఆశ. ఆ ఆశ గొప్పది, నెరవేరగలిగినది కూడా. కానీ దానికోసం టెలిస్కోప్‌తో మొదలుపెట్టడం మన ప్రాంతంలో సరైన దారి కాదని నా అభిప్రాయం. చూసే సాధనం, చూసే చోటు, చూసినదాన్ని నిర్ధారించుకునే పద్ధతి అనే మూడింటిలో దేనికి ఎంత డబ్బు, ఎంత శ్రమ పెట్టాలో తేల్చుకోవడానికి పనికివచ్చేలా నాకు తెలిసినది ఇక్కడ వివరిస్తున్నాను.

కొత్త తార అన్నది పాత పేరు. నోవా అనే లాటిన్ మాటకు అర్థం కూడా కొత్తది అనే. నిజానికి అక్కడ కొత్తగా పుట్టినదేమీ ఉండదు. ఒక తెల్ల మరుగుజ్జు నక్షత్రం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, తన జంట నక్షత్రం నుంచి హైడ్రోజన్ వాయువును లాక్కుంటూ పొరలు పొరలుగా పేర్చుకుంటుంది. ఆ పొర అడుగున ఒత్తిడి, వేడి ఒక హద్దు దాటగానే కేంద్రక సంలీనం (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి వెలువడటం) ఒక్కసారిగా చెలరేగి, అంతకుముందు పెద్ద టెలిస్కోప్‌కు గాని అందని నక్షత్రం ఒకటి రెండు రోజుల్లోనే వేల రెట్లు వెలుగుతుంది. సూపర్నోవా సంగతి వేరు. అందులో నక్షత్రమే పేలిపోతుంది. మన పాలపుంతలో ఏటా 30 నుంచి 50 దాకా నోవాలు సంభవిస్తాయని అంచనా వేస్తారు, కానీ కంటబడేవి సుమారు పది మాత్రమే. మిగిలినవి ధూళి మేఘాల చాటునో, సూర్యుడి పక్కనో, ఎవరూ అటు చూడని రాత్రుల్లోనో వచ్చి పోతాయి. ఆ ఎవరూ చూడని రాత్రులే మన వంటి ఔత్సాహికులకు మిగిలిన చోటు.

మన ఆకాశానికి ఉన్న మేలు

సాధనాల గురించి చెప్పే ముందు మనం ఎక్కడున్నామో చెప్పాలి, ఎందుకంటే ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా ఉన్నాయి. నోవాలు ఎక్కువగా కనబడేది పాలపుంత నడిమి భాగంలో, అంటే ధనుస్సు, వృశ్చిక రాశుల వైపు. ఆ నడిమి భాగం మనకు దక్షిణాన సుమారు 44 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. టోక్యోలో అది 25 డిగ్రీలకు మించి రాదు, లండన్‌లో పది డిగ్రీలు కూడా దాటదు. నోవాల వేటలో పేరు మోసిన జపాన్, ఇంగ్లండ్ ఔత్సాహికులు దిగంతపు మసకలోంచి చూసే ఆకాశం మనకు సగం ఎత్తులో, తేటగా దొరుకుతుంది. ఇంకొక మేలు కూడా ఉంది. మన రెండు జిల్లాలకూ హైదరాబాద్ ఉత్తరం వైపే ఉంటుంది కాబట్టి, ఆ నగరపు వెలుగు మన వెనక పడి, చూడవలసిన దక్షిణ దిక్కు చీకటిగా మిగులుతుంది.

అయితే ఈ మేలుకు ఒక అడ్డంకి ఉంది. ధనుస్సు సాయంత్రం వేళ తన గరిష్ఠ ఎత్తుకు వచ్చే నెలలు సరిగ్గా మన వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు విడిచిన రాత్రుల్ని లెక్కపెట్టుకోవలసిందే. కనుక మనకు అసలైన కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా, అదీ తెల్లవారుజామున. మార్చి నడుమ నాలుగున్నరకు లేచి చూస్తే ధనుస్సు ఆగ్నేయంలో సుమారు 30 డిగ్రీల ఎత్తుకు వచ్చి ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, ఊళ్లో దీపాలు కొన్ని ఆరి ఉంటాయి. ఆ తరువాత అక్టోబరు, నవంబరు మొదటి వారాల్లో పొద్దుగూకిన వెంటనే నైరుతిలో ఒక గంట దొరుకుతుంది. సాయంత్రం పూట మాత్రమే చూడగలిగినవారికి, తెల్లవారుజామున లేవగలిగినవారికి నేను ఒకే సలహా ఇవ్వలేను. వేగుచుక్క పొడిచే వేళకు లేచే అలవాటున్న మనిషికి ఈ పనిలో సగం సాధనం ముందే చేతిలో ఉన్నట్టు.

బైనాక్యులర్స్

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్ అనే కొలతతో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది. ఒక్కొక్క మెట్టుకు రెండున్నర రెట్ల తేడా. మంచి చీకటిలో కంటికి ఆరవ మాగ్నిట్యూడ్ దాకా కనిపిస్తాయి. 10×50 బైనాక్యులర్స్‌తో (పది రెట్లు పెద్దదిగా చూపే, 50 మిల్లీమీటర్ల ముందు కటకాలున్నవి) పల్లె ఆకాశంలో తొమ్మిది దాకా, పట్టణంలో మేడ మీది నుంచి ఏడు, ఎనిమిది దాకా వెళ్లవచ్చు. ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ఖరీదులో వచ్చే సాధనానికి ఇది తక్కువ శక్తేమీ కాదు.

దీనితో ఏం సాధించారో చూడండి. ఇంగ్లండ్‌లో బడిపంతులుగా పనిచేసిన జార్జ్ ఆల్కాక్ వేల నక్షత్రాల అమరికను కంఠతా పట్టి, బైనాక్యులర్స్‌తోనే ఐదు తోకచుక్కలను, ఐదు నోవాలను కనుగొన్నారు. 1991 మార్చిలో ఆయన ఐదవ నోవాను తన ఇంటి కిటికీ అద్దం వెనక నుంచే చూశారు. మన వైపు ఉదాహరణ కూడా ఉంది. బెంగాల్‌లో జెస్సోర్ ఖజానాలో చిన్న ఉద్యోగం చేసుకునే రాధాగోవింద చంద్ర 1918 జూన్‌లో గరుడ మండలంలో వెలిగిన ప్రకాశవంతమైన నోవాను స్వతంత్రంగా గుర్తించారు. ఆ తరువాత వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించే అమెరికా సంఘం ఏఏవీఎస్‌ఓ ఆయన పని మెచ్చి ఆరు అంగుళాల టెలిస్కోప్‌ను పంపింది. ఆ టెలిస్కోప్ తరువాతి కాలంలో వేణు బప్పు చేతికి వచ్చింది. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడం వల్ల హైదరాబాద్‌లో నక్షత్రాలు చూస్తూ పెరిగి, ఆధునిక భారత ఖగోళ శాస్త్రానికి పునాదులు వేసిన బప్పు ఆయనే. 2021 ఆగస్టులో ఆర్‌ఎస్ ఒఫియూకి అనే నక్షత్రం మళ్లీ పేలిందన్న సంగతిని మొదట గమనించినవాడూ ఐర్లండ్‌కు చెందిన ఒక ఔత్సాహికుడే, కంటితో చూసే పరిశీలకుడే.

ఇన్ని చెప్పినా, కొత్త నోవాను కనుగొనడానికి బైనాక్యులర్స్ ఒక్కటే చాలునని నేను చెప్పలేను. ధనుస్సులో ఒక్కసారి కనిపించే వలయంలోనే వందల చుక్కలు క్రిక్కిరిసి ఉంటాయి. అందులో ఒకటి ఎక్కువైందని చెప్పాలంటే ఆల్కాక్‌కు ఉన్నంత జ్ఞాపకం కావాలి, అది ఏళ్ల తరబడి సాధన చేస్తే గాని రాదు. జ్ఞాపకం రుజువు కాదు. రేపు ఎవరికైనా చూపించడానికి సాక్ష్యం మిగలదు. బైనాక్యులర్స్‌ను నేను రెండు పనులకు సిఫారసు చేస్తాను. ఆకాశాన్ని నేర్చుకోవడం ఒకటి. ఫలానా చోట పేలుతుందని ముందే తెలిసిన నక్షత్రాన్ని కాపు కాయడం రెండవది. ఉత్తర కిరీట మండలంలోని టీ కరోనా బొరియాలిస్ అటువంటిదే. అది 1866లో ఒకసారి, 1946లో ఒకసారి పేలింది. మామూలుగా పదవ మాగ్నిట్యూడ్‌లో ఉండేది పేలినప్పుడు రెండవ మాగ్నిట్యూడ్‌కు చేరి కంటికే కనిపిస్తుంది. స్వాతి నక్షత్రానికీ అభిజిత్తుకూ నడుమ అర్ధవృత్తంలా ఉన్న ఆ మండలం మనకు ఎండాకాలపు రాత్రుల్లో దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది. కిరీటంలో రత్నంలా ఒక్కటే మెరిసే చోట ఎప్పుడైనా రెండు మెరుస్తుంటే అదే ఆ విస్ఫోటం. ఇది కొత్తదాన్ని కనుగొనడం కాకపోయినా, మొదలైన గంటను నమోదు చేయడం శాస్త్రానికి ఎంతో విలువైన పని.

ట్రైపాడ్ మీద కెమెరా

నా ఎంపిక ఇదే. ఇంట్లో పెళ్లిళ్లకు, ఊరేగింపులకు వాడి పక్కన పెట్టిన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉంటే, కొత్తగా కొనవలసినది చాలా తక్కువ. పాత కెమెరాలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ఈ పనికి అవి చక్కగా సరిపోతాయి.

ఇది వట్టి నమ్మకంతో చెబుతున్న మాట కాదు. 2015 మార్చి 15న ఆస్ట్రేలియాకు చెందిన జాన్ సీచ్ మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతో ధనుస్సులో ఆరవ మాగ్నిట్యూడ్ నోవాను పట్టారు. అది తరువాత ఇంకా వెలిగి కంటికే కనిపించింది. ఆ వారంలో తెల్లవారుజామున మన ఆకాశంలోనూ అది ఆగ్నేయాన స్పష్టంగా ఉండవలసినదే. దేవరకొండ పొలాల్లో ఎవరైనా కెమెరాను అటు తిప్పి ఉంచితే చిక్కేది. 2021 మార్చి 18న జపాన్‌కు చెందిన యూజీ నకామురా 135 మిల్లీమీటర్ల లెన్స్ బిగించిన కెమెరాతో శర్మిష్ఠ మండలంలో 9.6 మాగ్నిట్యూడ్ నోవాను కనుగొన్నారు. ఆ నోవా నెలల తరబడి వెలుగు తగ్గకుండా నిలిచి, మే నెలలో కంటికి అందే అంచు దాకా వచ్చింది.

లెన్స్‌ల్లో ఏది ఎంచుకోవాలన్నదే తరువాతి ప్రశ్న. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (కాంతిని గ్రహించే పలక) మీద 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్క ఫొటోలో సుమారు 25 డిగ్రీల వెడల్పు, 17 డిగ్రీల ఎత్తు గల ఆకాశాన్ని పట్టుకుంటుంది. రెండు మూడు ఫొటోల్లో జ్యేష్ఠ నుంచి ఉత్తరాషాఢ దాకా అయిపోతుంది. ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచిన కెమెరాతో ఆరు, ఏడు సెకన్లకు మించి ఎక్స్‌పోజర్ ఇస్తే నక్షత్రాలు గీతలుగా సాగిపోతాయి కాబట్టి, ఆరేసి సెకన్ల ఫొటోలు పది, పన్నెండు తీసి సాఫ్ట్‌వేర్‌తో ఒకదానిమీద ఒకటి కలిపితే చీకటి ఆకాశంలో తొమ్మిదవ మాగ్నిట్యూడ్ దగ్గరి దాకా చుక్కలు తేలుతాయి. 135 మిల్లీమీటర్ల లెన్స్ ఇంతకంటే మసక చుక్కలను పట్టగలదు, క్రిక్కిరిసిన చోట పక్కపక్క చుక్కలను విడదీయగలదు. కానీ దాని చూపు తొమ్మిది డిగ్రీల వెడల్పు, ఆరు డిగ్రీల ఎత్తుకు పరిమితం. పైగా ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేకపోతే దానితో లాభం లేదు. మొదటి ఏడాది 50తోనే సాగించి, ఒక ఎండాకాలం విడవకుండా చేయగలిగిన తరువాతనే ట్రాకర్ మీద, పెద్ద లెన్స్ మీద ఖర్చు పెట్టమని నా సలహా. ఎక్కువ జూమ్ ఉన్న కిట్ లెన్స్‌ను మాత్రం వాడకండి. దాని అపర్చర్ చిన్నది, ఫోకస్ చేయి తగిలితే చాలు జరిగిపోతుంది.

లెన్స్ కన్నా ముఖ్యమైనది క్రమం. ఒకే చోటు నుంచి, ఒకే లెన్స్‌తో, ఒకే అమరికలో తీసిన ఫొటోలే ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికివస్తాయి. మొదట మబ్బు లేని రాత్రుల్లో చూడదలచిన ప్రాంతమంతటికీ ఒక మూల చిత్రాన్ని సిద్ధం చేసుకోవాలి. ఆ తరువాత ప్రతి కొత్త ఫొటోను దానితో మార్చి మార్చి తెర మీద ఆడిస్తే, కొత్తగా వచ్చిన చుక్క మిణుకు మిణుకుమంటూ కంటబడుతుంది. పాతకాలం ఖగోళ శాస్త్రజ్ఞులు గాజు ప్లేట్లతో చేసిన పనే ఇది. ఉచితంగా దొరికే ఆస్టాప్, సిరిల్ వంటి సాఫ్ట్‌వేర్లు ఫొటోలను అమర్చడానికి, ప్రతి చుక్క స్థానాన్ని లెక్కకట్టడానికి చాలు.

టెలిస్కోప్, అద్దె టెలిస్కోప్

టెలిస్కోప్‌కు చల్లబరిచే కెమెరాను బిగించి, రాత్రికి వందల గెలాక్సీలను ఒక్కొక్కటిగా ఫొటో తీస్తూ సూపర్నోవాల కోసం వెతకడం మరొక దారి. జపాన్‌కు చెందిన కొయిచి ఇతగాకి ఈ పద్ధతిలో నూటికి పైగా సూపర్నోవాలను కనుగొన్నారు. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో కనబడినది వాటిలో ఒకటి. అర్జెంటీనాలో తాళాలు బాగుచేసే వృత్తిలో ఉన్న విక్టర్ బూసో 2016 సెప్టెంబరులో కొత్త కెమెరాను పరీక్షిస్తూ, ఒక నక్షత్రం పేలడం మొదలైన తొలి ఘడియలనే ఫొటోల్లో బంధించారు.

అయినా మన ప్రాంతంలో మొదలుపెట్టేవారికి ఈ దారిని నేను చెప్పను. టెలిస్కోప్‌ను మోసి తిప్పే, మోటరు ఉన్న మంచి మౌంట్, టెలిస్కోప్, కెమెరా, ల్యాప్‌టాప్, వాటిని ఎండవానల నుంచి కాపాడే చిన్న గది కలిపి పెట్టుబడి లక్షల్లోకి వెళ్తుంది. ఇంకా బలమైన కారణం పోటీ. ఆసాస్-ఎస్‌ఎన్, అట్లాస్, జెడ్‌టీఎఫ్ వంటి రోబోటిక్ సర్వేలు (వాటంతటవే ఆకాశాన్ని ఫొటోలు తీసే టెలిస్కోపుల ఏర్పాట్లు) గెలాక్సీలు ఉన్న చీకటి ఆకాశమంతటినీ ఒకటి రెండు రాత్రులకు ఒకసారి గాలిస్తున్నాయి. వాటికి దొరకకుండా మిగిలే సూపర్నోవాలు తక్కువ. నోవాల సంగతి అలా కాదు. సంధ్యాకాంతికి దగ్గరగా, దిగంతానికి దగ్గరగా ఉన్న ఆకాశాన్ని పెద్ద టెలిస్కోపులు ముట్టవు. మరీ ప్రకాశవంతమైన చుక్క వాటి సెన్సర్లను నింపేసి కొలతకు అందకుండా పోతుంది. తెల్లవారుజామున, పాలపుంత నడుమ, ఆరు నుంచి తొమ్మిది మాగ్నిట్యూడ్ల మధ్య వెలిగే నోవా చిన్న కెమెరాకే తగిన వేట.

విదేశాల్లోని టెలిస్కోపులను ఇంటర్నెట్ ద్వారా గంటల లెక్కన అద్దెకు తీసుకునే సౌకర్యం కూడా ఉంది. వెతకడానికి దానిని వాడితే డబ్బు ఆవిరైపోతుంది. మన కెమెరాలో అనుమానాస్పదమైన చుక్క పడినప్పుడు, ఇక్కడ తెల్లవారిపోయినా, చీకటి ఉన్న మరో ఖండం నుంచి ఒక్క ఫొటో తీయించుకోవడానికి మాత్రం అది అద్భుతమైన సాధనం. ఖాతా ముందే తెరిచి, కొద్ది నిమిషాలకు సరిపడా డబ్బు అందులో ఉంచుకోవడం మంచిది.

మేడ, పొలం, అడవి

నల్గొండ పట్టణంలో మేడ మీది నుంచి పని జరగదని అనుకోవద్దు. దక్షిణం వైపు వీధి దీపం నేరుగా పడకుండా ఒక గోడ అడ్డం ఉంటే ఏడు, ఎనిమిది మాగ్నిట్యూడ్ల దాకా కెమెరాకు అందుతాయి. నెలకు ఒక్కసారి వెళ్లే గొప్ప చీకటి కన్నా, రోజూ మెట్లెక్కితే చాలనిపించే మసక మేడే ఈ పనికి మేలు. సొంత ఊళ్లో పొలం, బావి దగ్గర గది ఉన్నవారిది అన్నిటికంటే మంచి స్థితి. చందంపేట, డిండి, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు పల్లెల్లో దక్షిణాన నల్లమల అడ్డుగా నిలిచి, పెద్ద దీపాలు లేని ఆకాశాన్ని ఇస్తుంది. మిర్యాలగూడకు ఆవల సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల వైపు థర్మల్ కేంద్రం ఉన్నందున అటు ఉండేవారు తమ ఆగ్నేయ దిక్కును ఒక రాత్రి పరీక్షించుకొని గాని చోటు ఖాయం చేసుకోవద్దు. నాగార్జున సాగర్ ఒడ్డున చీకటి బాగుంటుంది గాని, నీటి దగ్గర లెన్స్ మీద మంచు పడుతుంది. అమ్రాబాద్ అడవి లోపలికి మాత్రం రాత్రి పూట వెళ్లకండి. అది పులుల అభయారణ్యం, శ్రీశైలం రోడ్డు మీద రాత్రి రాకపోకలు ఆపేస్తారు.

మన ఆకాశం మంచిదన్నది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోప్‌ను రంగాపూర్‌లో నెలకొల్పింది అందుకే. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడి నుంచే పరిశీలించారు. హైదరాబాద్ పెరిగేకొద్దీ అక్కడి చీకటి పలచబడింది. ఇంకా దక్షిణాన ఉన్న మనకు ఆ చీకటి మిగిలి ఉంది, దానిని వాడుకోవడానికి మిగిలి ఉన్న కాలం ఎంతో చెప్పలేము.

నిర్ధారణ: అసలు పని ఇక్కడే

కొత్త చుక్క కనబడటం సులభం. కనబడినవాటిలో దాదాపు అన్నీ నోవాలు కావు. అందువల్ల నిర్ధారణ పద్ధతుల మధ్య ఎంపికను సాధనాల ఎంపిక కన్నా జాగ్రత్తగా చేయాలి.

2020 ఎండాకాలంలో గురుగ్రహం ధనుస్సులో ఉండగా, నేను తీసిన రెండు ఫొటోల్లో మూల చిత్రంలో లేని చుక్క ఒకే చోట ఉంది. రెండింటిలోనూ ఉంది కదా అని దానిని నమ్మి, మిత్రులిద్దరిని నిద్ర లేపాను. అది లెన్స్ లోపల గురుడి వెలుగు పరావర్తనం చెంది పడిన నీడచుక్క. ఫ్రేము కదల్చకుండా తీశాను కాబట్టే రెండు ఫొటోల్లోనూ ఒకే చోట పడింది. అటువంటి నీడచుక్క ఎప్పుడూ ఫ్రేము నడిమి బిందువుకు అటు ప్రకాశవంతమైన గ్రహం, ఇటు తాను ఎదురెదురుగా ఉండేలా పడుతుంది. ఆ తెల్లవారుజాము తరువాత నేను ప్రతి ప్రాంతాన్నీ రెండు సార్లు, రెండవసారి కెమెరాను నాలుగు డిగ్రీలు పక్కకు జరిపి తీస్తున్నాను. నీడచుక్క అయితే జరిగిపోతుంది, నక్షత్రమైతే నక్షత్రాల మధ్య తన చోటనే ఉంటుంది. ఖర్చు లేని ఈ ఒక్క పని సగానికి పైగా అనుమానాలను తొలగిస్తుంది.

భూస్థిర ఉపగ్రహాలు రెండవ మోసం. మన అక్షాంశం నుంచి అవి ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా సుమారు మూడు డిగ్రీల దూరంలో ఒక వరుసగా ఉంటాయి. మార్చి, సెప్టెంబరు చివర పగలు, రాత్రి సమానమయ్యే విషువత్తుల రోజుల్లో సూర్యకాంతిని మెరిపించి కొన్ని నిమిషాలు నక్షత్రంలా వెలుగుతాయి. కదలని ట్రైపాడ్ మీద తీసిన వరుస ఫొటోల్లో నక్షత్రాలు జరుగుతూ ఉంటే ఉపగ్రహం మాత్రం ఫ్రేములో ఉన్నచోటనే ఉంటుంది. సెన్సర్‌లో పాడైన పిక్సెల్ కూడా అంతే. గరుడ మండలం దిగువ భాగాన్ని చూసేవారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

అవి కాదని తేలాక చుక్క స్థానాన్ని సాఫ్ట్‌వేర్‌తో లెక్కకట్టి మూడు జాబితాల్లో వెతకాలి. మైనర్ ప్లానెట్ సెంటర్ వారి పేజీలో ఆ క్షణాన ఆ చోట ఏ గ్రహశకలమైనా ఉందేమో చూడాలి. వెస్టా వంటిది ఆరవ మాగ్నిట్యూడ్ దాకా వెలుగుతుంది, యురేనస్ కూడా అంతే. ఏఏవీఎస్‌ఓ నిర్వహించే వెలుగు మారే నక్షత్రాల సూచికలో చూడాలి. హంస మండలంలోని కై సిగ్నై 408 రోజులకు ఒకసారి కంటికి కనిపించేంత వెలిగి, మళ్లీ చిన్న టెలిస్కోప్‌కు కూడా అందనంత మసకబారుతుంది. దానిని కొత్త తార అనుకోవడం చాలా తేలిక. అటువంటి నక్షత్రాలు ఫొటోలో ముదురు ఎరుపుగా ఉంటాయన్నది ఒక గుర్తు. చివరగా కొత్తగా కనబడిన చుక్కలను నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో, ఆకాశ వార్తలు ప్రకటించే సెంట్రల్ బ్యూరో పేజీలో ఎవరైనా ముందే ప్రకటించారేమో చూడాలి.

అప్పటికీ అనుమానం నిలిస్తే మరొక మనిషి, మరొక సాధనం, మరొక చోటు కావాలి. ఇక్కడ మూడు దారులున్నాయి. మరో ఊళ్లోని మిత్రుడు బైనాక్యులర్స్‌తో చూడటం వేగవంతమైనది, ఖర్చు లేనిది. ఎనిమిదవ మాగ్నిట్యూడ్ లోపు చుక్కకు ఇది చాలు. నల్గొండలో ఒకరు, మహబూబ్‌నగర్‌లో ఒకరు ముందే మాట అనుకొని ఉంటే మబ్బు ఒక ఊరిని కప్పినా మరొక ఊరు మిగులుతుంది. అద్దె టెలిస్కోప్ రెండవ దారి. మసక చుక్కలకు, కచ్చితమైన స్థానానికి అదే మేలు. వర్ణపటం, అంటే చుక్క వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, మూడవది. నిజానికి నోవా అని చెప్పగలిగేది వర్ణపటం ఒక్కటే. పేలిన పొర సెకనుకు వందలు, వేల కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తుంది కాబట్టి హైడ్రోజన్ రేఖలు, ముఖ్యంగా 656 నానోమీటర్ల దగ్గరి ఎర్ర రేఖ, వెడల్పుగా వెలుగుతూ కనిపిస్తాయి. స్టార్ అనలైజర్ అనే చిన్న గ్రేటింగ్‌ను (వెలుగును రంగులుగా విడదీసే, సన్నని గీతలున్న పలకను) చిన్న టెలిస్కోప్ కెమెరా ముందు బిగిస్తే ప్రకాశవంతమైన నోవాలో ఆ రేఖ తెలుస్తుంది. టెలిస్కోప్ కొనాలని మనసు గట్టిగా ఉన్నవారికి నా సూచన ఆ డబ్బును ఇక్కడ పెట్టమని. సూపర్నోవాల వెంట పరుగెత్తే టెలిస్కోప్ కన్నా, మిత్రుడు కనుగొన్న చుక్క వర్ణపటాన్ని అదే రాత్రి తీసే చిన్న టెలిస్కోప్ మన ప్రాంతానికి ఎక్కువ ఉపయోగం. అదీ లేకపోయినా ప్రకటన సరైన స్థానంతో వెలువడితే చాలు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ వంటివి, ప్రపంచమంతటా ఉన్న ఔత్సాహిక వర్ణపట పరిశీలకులు ఆ పని పూర్తి చేస్తారు.

ప్రకటించడానికి ఏఏవీఎస్‌ఓలో పరిశీలకుడిగా ఉచితంగా పేరు నమోదు చేసుకొని కోడ్ తీసుకోవడం, సెంట్రల్ బ్యూరోవారి నిర్ధారణ పేజీలో రాయడానికి ముందే ఖాతా తెరవడం అవసరం. అక్కడ అనుమానిత నోవాకు పీఎన్‌వీ అనే అక్షరాలతో, స్థానాన్ని సూచించే అంకెలతో తాత్కాలికపు పేరు ఇస్తారు. నిర్ధారణ అయ్యాక నక్షత్రమండలం పేరుతో శాశ్వత నామం వస్తుంది. సమయాన్ని ఎప్పుడూ విశ్వకాలంలో రాయాలి. మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసివేస్తే అది వస్తుంది, తేదీ మారిపోతుందని మరవకూడదు. ఏప్రిల్ 15 తెల్లవారుజామున నాలుగున్నరకు తీసిన ఫొటో విశ్వకాలంలో ఏప్రిల్ 14, 23 గంటలకు తీసినట్టు. దానిని ఏప్రిల్ 14.958 అని రాస్తారు.

ఎవరు ఏది ఎంచుకోవాలన్నది ఇప్పుడు చెప్పవచ్చు. చదువుకునే పిల్లలు బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టి, ఉత్తర కిరీటాన్ని రోజూ చూడటం అలవాటు చేసుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున ఒక గంట పెట్టగలిగినవారు 50 మిల్లీమీటర్ల లెన్స్, ట్రైపాడ్ ఎంచుకోవాలి. నలుగురైదుగురు కలిసి పనిచేయగలిగితే రెండు ఊళ్లలో రెండు కెమెరాలు, ఒక్క గ్రేటింగ్ ఉన్న చిన్న టెలిస్కోప్ సరైన పంపకం. ఎవరు ఏది ఎంచుకున్నా, ఏమీ దొరకని రాత్రుల ఫొటోలను చెరిపివేయకండి. నోవా కనబడినప్పుడు శాస్త్రజ్ఞులు అడిగే మొదటి ప్రశ్న అది అంతకుముందు రాత్రి ఉందా లేదా అని. ఏప్రిల్ 13న ఈ చోట ఎనిమిదిన్నర మాగ్నిట్యూడ్ దాకా ఏమీ లేదని తేదీ, సమయం వేసి ఉన్న మీ ఖాళీ ఫొటో, ఆ పేలుడు ఏ గంటల మధ్య మొదలైందో చెప్పగలిగిన ఏకైక సాక్ష్యం కావచ్చు.